రాజుగారి కట్టుబాట్లు, మా మరిది కుర్చీ

మొన్న ఈ అరబ్బు దేశంలో మేముండే ఖైతాన్‌లో మా ప్రార్థన గది ఖాళీ చేస్తుంటే, గోడ మీది పటం దించి నా చేతికిచ్చి "ఇది పారెయ్యనా అమ్మమ్మా?" అంది మనవరాలు. బంగారు రంగు అక్షరాలు, చుట్టూ తీగలు, మిర్కాబ్ బజారులో అచ్చు వేయించింది. వద్దన్నాను. చట్రం గట్టిగానే ఉంది, దేనికైనా పనికొస్తుంది. కానీ దాన్ని చూసినప్పట్నుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. తోమిన గిన్నెలే మళ్ళీ తోముతున్నాను.

అందులో ఉన్నవి పాత నిబంధనలో ఇశ్రాయేలు రాజుకు పెట్టిన కట్టుబాట్లు. గుర్రాలు పోగెయ్యకూడదు, భార్యల్ని పెంచుకోకూడదు, వెండి బంగారాలు మితిమీరి కూడబెట్టకూడదు. గద్దెనెక్కగానే ధర్మశాస్త్రం రాసుకుని, బతికున్నన్నాళ్ళూ చదువుకోవాలి, తోటివాళ్ళ కన్నా తాను ఎక్కువనుకోకూడదు. ఇక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి ఆ రోజే మా ప్రార్థన మొదలెట్టిన నర్సమ్మగారు, ఎవరు పెద్దరికం తీసుకున్నా ఆ మాటలు సొంత చేత్తో నోటుబుక్కులో రాసుకోవాలని ఆనవాయితీ పెట్టారు. ఆవిడ ఊరెళ్ళిపోయాక పెద్దరికం మా చెల్లెలి మొగుడికొచ్చింది. అల్ రాయ్‌లో గోదాము వ్యాను తోలే మనిషి, మంచివాడే, పాట బాగా పాడతాడు. రాయడానికి తీరిక లేదని అచ్చు వేయించి, తన కుర్చీ వెనకాల తగిలించాడు. వీపు వెనకున్నది తనకెలా కనపడుతుంది? మేమేమో దాని అందం చూసి మురిశాం.

ఆ కుర్చీతోనే వచ్చింది గొడవ. భీమవరం వైపు అమ్మాయి ఒకతె, అరబ్బుల ఇంట్లో పని. వారానికి మూడు గంటలు సెలవు. ఐదింటికల్లా వాళ్ళ మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, కారు పంపించేస్తుంది. "మేమంతా చాప మీదుంటే మీకొక్కరికీ కుర్చీ ఏంటండీ?" అని అందరి ముందూ అడిగేసింది. క్షమాపణ చెప్పేదాకా గడప తొక్కొద్దన్నాడు మరిది. చిన్నవాళ్ళకి అదుపుండాలని నేనూ తలాడించాను. ఆ పిల్ల క్షమాపణా చెప్పలేదు, రావడమూ మానలేదు. నాలుగు శుక్రవారాలు బయట మెట్ల మీద కూర్చుని, తలుపు సందులోంచి మా పాటలు విని వెళ్ళిపోయింది. నాలుగు తెలుగు మాటలు వినడానికి దానికి మరో చోటు లేదు మరి.

ఐదో వారమూ ఆ పిల్ల మెట్ల మీదే ఉంది, నాకు ప్రార్థన మీద మనసు నిలవలేదు. తప్పు ఆ పిల్లదేనని నాకు నేను చెప్పుకుందామని లేచి పటం దగ్గరికెళ్ళాను. నాది మూడో తరగతి చదువు, వేలు పెట్టి కూడబలుక్కోవాలి. గబగబా చదివేవాళ్ళు దాటిపోయిన చోటల్లా నా వేలు ఆగింది. తప్పు ఆ పిల్లదని చెప్పే మాట ఒక్కటీ దొరకలేదు. సగం వాడిన నోటుబుక్కొకటి తెచ్చి మరిది ఒళ్ళో పెట్టాను.

"రాయండి మరిదిగారూ."

"నేనేమన్నా రాజునా వదినగారూ?"

"రాజుకే ఇన్ని కట్టుబాట్లుంటే, వ్యాను తోలేవాడికి ఎన్నుండాలి?"

ముందు నవ్వింది మా చెల్లెలే. ఆయన మొహం ముడుచుకుని రాయడం మొదలెట్టాడు. నేను గడియారం వంకా తలుపు వంకా చూస్తూ కాలుగాలిన పిల్లిలా తిరిగాను. తలుపు నేనే తీయొచ్చు. కానీ పెద్దమనిషి మాట పోతుందని ఆగాను, అదీ నా బుద్ధి. గుర్రాల దగ్గర గబగబా రాశాడు, బంగారం దగ్గర కాస్త నెమ్మదించాడు, తోటివాళ్ళ మాట దగ్గర కలం ఆగిపోయింది. నోటుబుక్కు పక్కన పెట్టి, తనే లేచెళ్ళి తలుపు తీశాడు. "లోపలికి రామ్మా" అన్నాడు. ఆ పిల్ల వచ్చి ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. ఆయన కుర్చీ వైపు వెళ్ళకుండా చాప మీదే చతికిలబడ్డాడు. ఒక చరణం పాడామో లేదో, కింద కారు హారన్ మోగింది. ఆ పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి పరిగెత్తింది.

తర్వాత చాలా శుక్రవారాలు వచ్చింది, నవ్వుతూనే వచ్చింది. అయినా ఆ ఐదు వారాలు ఆమెకు ఎవరూ తిరిగివ్వలేదు. పెద్దవాళ్ళం తల దించుకోవడానికి తీసుకునే వ్యవధి అంతా, బయట నిలబెట్టినవాళ్ళ కాలంలోంచే పోతుంది.