రెడ్డెమ్మ గారడిగిన సైటేషన్ల లెక్క

ఈ రోజు ప్రమోషన్ ఫారం ఇవ్వడానికి తిరుపతిలో మా యూనివర్సిటీ ఆఫీసుకు వెళ్లాను. నేను మాలిక్యులర్ బయాలజీ చెబుతాను. ఈస్ట్ కణాలు ఎందుకు ముసలివైపోతాయన్నది నా పరిశోధన. ఫారాలు చూసే రెడ్డెమ్మ గారు సైటేషన్ల గడి దగ్గర ఆగి, అంటే ఏమిటని అడిగారు. వేరేవాళ్లు తమ పేపర్లలో మన పేపర్‌ను ప్రస్తావించడమని చెప్పాను.

"మీ పేపరు గురించి మీరే రాసుకున్నా లెక్కలోకి వస్తాదా మేడం?"

"వస్తుంది."

"మీ స్టూడెంట్లు రాసినా?"

"అదీ వస్తుంది."

"మాది ఐరాల మేడం, పక్కనే కాణిపాకం. ఆడ వినాయకుడి ముందర ప్రమాణం చేసి చెప్పమంటే, వీటిలో ఎన్ని నిలబడతాయి?"

నవ్వేసి వచ్చాను గానీ, సాయంత్రం ఉండబట్టలేక లెక్క తీశాను. నావి, నా విద్యార్థులవి, నేను వాళ్లను ప్రస్తావిస్తే బదులుగా నన్ను ప్రస్తావించిన స్నేహితులవి తీసేస్తే చివరికి ఒక్కటి మిగిలింది. ముక్కూమొహం తెలియని ఒకాయన మా ప్రయోగం మొత్తం మళ్లీ చేసి, తన కణాలు మేం చెప్పినట్టు ముసలివి కాలేదని రాశాడు.

నా పేపర్‌ను నిజంగా చదివింది ఆయనొక్కడే. ఆయనకు థాంక్స్ చెబుతూ మెయిల్ పెట్టాను. ఫారం వెనక్కి అడగాలా వద్దా, మీరైతే ఏం చేస్తారు?