టోటో అద్దంలో నీలం దీపం

ఆ ఏడాది దుర్గాపూజలు ముగిసిన వారానికి ఖరగ్‌పూర్ శివార్లలోని వాహనాలకు బాడీ కట్టే ఒక షెడ్డులో నన్ను ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌గా వేశారు. మామూలు వ్యాన్లను స్కూలు బండ్లుగా, అంబులెన్సులుగా మార్చడం ఆ షెడ్డు పని. నాకు పైన వర్క్స్ మేనేజర్, కింద ఇద్దరు వైర్‌మెన్. ఇప్పుడు నేను ఆ ఉద్యోగంలో లేను. అయినా అంబులెన్సుకు దీపాలు ఎలా పెడతారని ఎవరైనా అడిగితే, నా చేతికి వచ్చిన మొదటి బండే గుర్తొస్తుంది.

అది న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలోని తెలుగువాళ్ళ గుడి కమిటీ బండి. పాత అంబులెన్సు మూలపడటంతో కొత్త వ్యాను కొని మాకు అప్పగించారు. దాని డ్రైవరు సింహాచలం గారు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన మనిషి.

నా పని వరుస ఇది: కప్పు మీద లైట్‌బార్, అంటే బండి వెడల్పంతా పరుచుకునే దీపాల పట్టీ; బానెట్ కింద సైరన్; వెనక తలుపు పైన రెండు దీపాలు; ఒక్కోదానికి విడి ఫ్యూజు; డ్రైవరు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అందుకోగల స్విచ్ ప్యానెల్. డ్రాయింగులో ఉన్నది ఉన్నట్టు బిగించాను. స్విచ్ వేస్తే షెడ్డు గోడలన్నీ నీలంగా మెరిశాయి. మేనేజర్ సంతకానికి పెన్ను తీశారు.

సింహాచలం గారు మాత్రం బండి చుట్టూ తిరిగి పెదవి విరిచారు.

"ఏటి బాబూ ఇది? పాత బండికీ ఇలాగే నెత్తి మీద ఎలిగేది. గోల్‌బజార్లో ఒక్క టోటో జరిగితే ఒట్టు." గోల్‌బజార్ ఆ ఊరి ఇరుకు బజారు; టోటోలంటే అక్కడ తిరిగే బ్యాటరీ రిక్షాలు.

ఆయన చిరాకుకు కారణం ఉంది. కూతురు లక్ష్మికి ఎనిమిదో నెల. ప్రసూతి ఆసుపత్రికి దగ్గర దారి గోల్‌బజార్ మీదుగానే. ఆ ఇరుకులో ఇరుక్కుపోతామన్న భయంతో ఆమెను కాన్పుకు సొంతూరు ఆమదాలవలస పంపాలని టికెట్లు తీసేశారు. బీపీ ఎక్కువగా ఉంది, అంత దూరం రైలు ప్రయాణం వద్దని డాక్టరమ్మ చెబుతోంది. "అక్కడైతే ఆసుపత్రి ఇంటెనకే. ఇక్కడ బండి ఉన్నా దారేదీ?" అన్నారు.

సంతకం ఆపించి, మేనేజర్ అనుమతి తీసుకుని, ట్రాఫిక్ పోలీసులకు చెప్పి మర్నాడు ఖాళీ బండిని గోల్‌బజార్‌లోకి తీసుకెళ్ళాం. బట్టల దుకాణాల మలుపులో ముందు ఒక టోటో. సైరన్ మోగుతోంది, దీపాలు వెలుగుతున్నాయి, టోటో మాత్రం కదల్లేదు. సింహాచలం గారు దిగి వెళ్ళారు. నేనూ వెంట నడిచాను. నడుపుతున్నవాడు మంటూ. మనవాళ్ళను తిప్పీ తిప్పీ తెలుగు నేర్చిన బెంగాలీ.

"ఒరే మంటూ, సెవుల్లో ఏటెట్టుకున్నావు? దూది మూటా?"

"వినబడింది కాకా. ఎటు నుంచో తెలీలేదు. కదిలితే మీకే అడ్డొస్తానేమోనని ఆగిపోయా."

"అద్దంలో సూడొచ్చు గదా!"

"చూశా. బంపర్ కనబడింది. అది అంబులెన్సుదో, చేపల బండిదో దాని మీద రాసుందా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మంటూను దింపి నేను అతని సీట్లో కూర్చున్నాను. అద్దం కిందికి వంగి ఉంది. దాని పైభాగాన్ని టోటో కప్పు అంచు మూసేస్తోంది. మా లైట్‌బార్ అందులో లేనే లేదు. పైగా టోటో ముందద్దం చుట్టూ రంగుల మినుకు దీపాల దండ, పక్క దుకాణాల మీద ఇంకా విప్పని పూజల దీపాలు. అంత మినుకుమినుకుల మధ్య వేగంగా మినుకుమనే మా దీపం కనబడినా అలంకారంలోనే కలిసిపోతుంది.

అద్దంలో కనబడే ఎత్తులో ఇంకో రెండు దీపాలు పెడతానంటే, డ్రాయింగు దాటితే బాధ్యత ఎవరిదని మేనేజర్ అడిగారు. ఉన్న దీపాలు తీయడం లేదు, కొత్తవి కలుపుతున్నాం. రంగు నిబంధనల్లో ఉన్నదే. అదనపు భారాన్ని బండిలో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ మోయగలదు అని లెక్క వేసి చూపించాను. సరే చూద్దామన్నారు.

మంటూ తన స్నేహితుల టోటోలను కూడా షెడ్డుకు తెచ్చాడు. ఒక్కో టోటోను వ్యాను ముందు నిలిపి నేను సీట్లో కూర్చునేవాణ్ణి. అద్దంలో ఎంత ఎత్తు దాకా కనబడుతుందో కేక వేస్తే, సింహాచలం గారు వ్యాను ముఖం మీద సుద్దగీత గీసేవారు. "మొకమంతా విబూది పూసేసినాం బాబూ," అన్నారు. అన్ని టోటోలకూ కనబడే చోటు బానెట్ అంచుకు కాస్త కింద తేలింది. అక్కడ ఎడమ, కుడి చివర్లలో రెండు నీలం దీపాలు బిగించాను. వెలుగును ఆర్పి వెలిగించే చిన్న పెట్టెను ఫ్లాషర్ అంటారు. దాన్ని నిదానంగా, ఎడమవైపు వెలిగి ఆరాకే కుడివైపు వెలిగేలా మార్చాను. వంతులుగా వెలిగే రెండు దీపాలను ఎవరూ అలంకారం అనుకోరు.

రెండోసారి గోల్‌బజార్ వెళ్ళినప్పుడు మంటూను మాకు వీపు పెట్టి ఆగమన్నాం, మేము ఎప్పుడొస్తామో చెప్పలేదు. స్విచ్ వేయగానే టోటో ఎడమకు జరిగింది. సింహాచలం గారు రైలు టికెట్లు రద్దు చేశారని మర్నాడు తెలిసింది.

తర్వాతి నెలలో ఒకరోజు, బజారు నిండా జనం ఉన్న వేళ, లక్ష్మికి నొప్పులు మొదలయ్యాయి. ఆయనే బండి తోలారు. సాయంత్రం షెడ్డుకు ఫోన్ చేశారు.

"ఆడపిల్ల బాబూ. తల్లీ పిల్లా బాగున్నారు. దారిలో ఆ మంటూగాడే తగిలినాడు. ఆడు జరగడమే కాదు, దిగొచ్చి ముందున్నోళ్ళని కూడా జరిపినాడు."

హెచ్చరిక దీపాన్ని బండి చుట్టూ తిరిగి పరీక్షిస్తే చాలదు. దారి ఇవ్వవలసిన మనిషి సీట్లో కూర్చుని, అతని అద్దంలో చూడాలి. నేను ఆ షెడ్డు వదిలేదాకా ఏ అంబులెన్సుకైనా సంతకం పెట్టేముందు మొదటి పరీక్ష అదే. అందుకు మేము పిలిచే టోటో మంటూదే.