తోడికోడలి గెలాక్సీ

ఆ వేధశాలలో ఆవిడను అందరూ కొలతలక్క అనేవారు. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పని ఒక్కటే. టెలిస్కోపు తీసిన ఫొటోలను తెర మీద పెద్దవి చేసి, ఒక్కో గెలాక్సీ ఎంత పొడుగు, ఎంత వెడల్పు, మనవైపు ఎంత వాలి ఉంది, ఇవన్నీ కొలిచి రిజిస్టరులో రాయడం. పెద్ద చదువు లేదు గానీ చూపు మాత్రం సూదిమొన. ఆ సంగతి ఎవరూ అనకపోతే తనే అనేది.

మరిదికి పెళ్ళయి తోడికోడలు వచ్చింది. డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న పిల్లను తీసుకెళ్ళి ఉద్యోగంలో పెట్టించింది కొలతలక్కే. పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని, గెలాక్సీ అంచు ఎక్కడ ఆగుతుందో పట్టుకోవడం నేర్పింది.

మూడేళ్ళు తిరక్కుండా ఆ పిల్ల పేరు మోగిపోయింది. ఇరవై కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఒక సుడి గెలాక్సీకి, అందరికీ తెలిసిన రెండు చేతులే, అంటే నక్షత్రాల పాయలే కాక, బయటగా పొగలాంటి మూడో చేయి ఉందని కనిపెట్టింది. అదే గెలాక్సీని కొలతలక్క ఆరేళ్ళ క్రితమే కొలిచింది. ఆ మసకను కెమెరా మీది మరక అనుకుని వదిలేసింది.

"మన చిన్నది భలే పట్టిందే! నీకు ఇన్నేళ్ళలో కనపడలేదా?" అన్నాడు భర్త, భోజనం దగ్గర.

పుండు మీద కారం చల్లినట్టయింది ఆవిడకు. "కూరలో ఉప్పు సరిపోయిందా?" అని మాట మార్చింది.

ఆనాటి నుంచి చిన్నది నవ్వినా కడుపుమంటే, నవ్వకపోయినా కడుపుమంటే. "అక్కా, ఇదొకసారి చూసిపెట్టవా?" అంటే, "నాకేం తెలుసమ్మా, కనిపెట్టేదానివి నువ్వు" అని ముఖం తిప్పుకునేది.

ఇంతలో వేధశాల పెద్దాయన, చిన్నది కలిసి ఆ గెలాక్సీ మీద వ్యాసం సిద్ధం చేశారు. అది సెకనుకు రెండు వందల ఎనభై కిలోమీటర్ల వేగంతో తిరుగుతోందని, ఆ పరిమాణానికి అది వింత అని అందులో రాశారు. తప్పు దొరక్కపోతుందా అని కొలతలక్క చదివింది. దొరికింది. గెలాక్సీ వాలు ముప్పై డిగ్రీలని వేశారు. ఆవిడ మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ నలభై. వాలు ఎంత తక్కువై, గెలాక్సీ మనకు ఎంత ఎదురుగా ఉంటే, దాని వేగం మన కొలతకు అంత తక్కువగా అందుతుంది. మిగతాది వాలును బట్టి లెక్కగట్టాలి. నలభై వేస్తే వేగం రెండు వందల ఇరవైకి దిగుతుంది. వింతా లేదు, పాడూ లేదు.

చిన్నదానికి చెప్పలేదు. శుక్రవారం సమావేశంలో అందరి ముందూ అడగాలని కాచుకుంది. రెండు రోజులు హాయిగా నిద్రపట్టింది కూడా. గురువారం మధ్యాహ్నం, ఆ ముప్పై ఎవరు రాశారో చూద్దామని పాత రిజిస్టరు తీసింది. తన చేతిరాతే.

రిజిస్టరు మూసి, మళ్ళీ తెరిచి చూసింది.

శుక్రవారం మెట్ల మీద చిన్నదాన్ని ఆపింది. "ఆ వాలు నువ్వెందుకు కొలవలేదు?"

"నువ్వు కొలిచావు కదక్కా. మళ్ళీ ఎందుకూ?"

"తప్పు కొలిచాను. నలభై ఉండాలి."

చిన్నదాని ముఖం పాలిపోయింది. "అయితే ఆ వేగం?"

"మామూలు వేగమే."

"మూడో చేయి కూడా లేదా?"

లేదనాలని నాలుక చివరి దాకా వచ్చింది. "ఉంది. అది నీదే" అంది, పన్ను పీకించుకుంటున్నట్టు.

సమావేశంలో లేచి తన తప్పు తనే చెప్పింది. పెద్దాయన కోప్పడలేదు. ఆరేళ్ళ క్రితం ఆ ఏడాదిలో ఆవిడ కొలిచిన నలభై ఒక్క గెలాక్సీలనూ మళ్ళీ కొలవమన్నాడు. వ్యాసం మూడో చేయితోనే అచ్చయింది. చిన్నదాని పేరు పైన, కొలతలక్కకు ధన్యవాదాలు చివర, ఒక్క వరసలో.

"ఆ కొలతల్లో సగం నాకివ్వక్కా, ఇద్దరం చేద్దాం" అంది చిన్నది. కొలతలక్క సరేనంది. కానీ ఇచ్చే ముందు ఆ ఇరవై ఫొటోల అంచులనూ ఒక్కోటి తెర మీద పెద్దది చేసి వెతుక్కుంది. కొత్తదేదీ లేదని తేలాకే వాటిని చిన్నదానికి అప్పగించింది.