గూట్లో గ్లాసు

పోర్టు కళాసీ అప్పలసూరి ఒళ్ళంతా ఇనుప ఖనిజం ఎర్రదుమ్ము; కళ్ళు మాత్రం ఏడాది పొడుగునా పసుప్పచ్చన. కామెర్లు అంటుకుంటాయని వన్ టౌన్‌లో కరీం బాషా టీకొట్టులో అతని గ్లాసు విడిగా గూట్లో ఉంటుంది. అతనే తీసుకుంటాడు, తాగి అతనే కడిగి బోర్లిస్తాడు. బల్ల చివర ఒక్కడే కూర్చుని, మణికట్టు మీద కామెర్లకు పెట్టించుకున్న వాతలు కనబడకుండా చొక్కా చేతులు లాక్కుంటాడు. నిన్న పెద్దాసుపత్రి డాక్టరు, ఇది అంటుజబ్బు కాదనీ, తల్లి నుంచి పుట్టుకతోనే రక్తంలో వచ్చిందనీ చెప్పాడు. ఆ మాట విని బాషా ఇవాళ అందరి గ్లాసులోనే టీ పోసిచ్చాడు. "ఇంకేటి సూరీ, ఇలా దగ్గిరికొచ్చి కూకో." అప్పలసూరి కదల్లేదు. గూట్లో తన గ్లాసు వైపు చూస్తూ అన్నాడు: "మాయమ్మకీ ఇవే కళ్ళు బాషా. నాకంటుకుంటాదని నన్నెప్పుడూ ఒళ్ళో కూకోనీలేదు."