బ్లేడు బండినే ఎందుకు తెమ్మన్నాను

తుమ్మకంప పట్టిన ఎర్రమట్టి మెట్టను, మా భాషలో చెల్కను, బాగు చేయించాలంటే ట్రాక్టరుకు ఏ మిషన్ తగిలించాలని మా చుట్టుపక్కల రైతులు నన్నే అడుగుతారు. బ్లేడు బండి వద్దని చెబుతాను. మరి నువ్వెందుకు తెప్పించావంటే, అప్పుడు నాకు తెలియదంటాను. ఏడేళ్ళుగా ఇదే జవాబు. రోజురోజుకూ ఇది బరువెక్కుతోంది. నాకు అప్పుడే తెలుసు. మీరెవరో నేనెరుగను కనుక మీకు చెప్పగలుగుతున్నాను.

మాది నార్కట్‌పల్లికి దగ్గరి ఊరు. మా ఆయన పోయాక భూమి నేనే చూసుకుంటున్నాను. ఏ చేను ఎన్ని గుంటలో, ఏ ఏడు ఏ పంట వేశామో నన్నడిగితే తప్పు రాదు. ఊళ్ళో గట్టు తగాదా వస్తే కొలతల కోసం నా దగ్గరికి మనిషిని పంపుతారు. గొప్పకు చెప్పడం లేదు. నా తప్పంతా ఇందులోనే ఉంది.

ఊరికి పడమర మాకు రెండెకరాల పది గుంటల చెల్క ఉంది. ఖాసింబీ పాప అక్కడ ఉంది. ఖాసింబీ వాళ్ళు దూదేకులవాళ్ళు. ఆమె భర్త దూది ఏకి పరుపులు కుట్టేవాడు, ఆమె నాతోపాటు కలుపు తీసేది. తొమ్మిది నెలల పాప జ్వరంతో పోయిన రోజు వాగు నిండా పారుతోంది. వాళ్ళ ఖబరస్తాన్ వాగుకు అవతల. పాపను మా చెల్కలో పాతిపెట్టుకొమ్మని అన్నది మా ఆయన కాదు, నేనే. ఆ జాగా ఇక నీదే అనుకో అని కూడా అన్నాను. తలవైపు ఒక రాయి, కాళ్ళవైపు ఒక రాయి పాతారు. ఏడాదికోసారి, వాళ్ళు తమవాళ్ళ సమాధుల మీద పూలు పెట్టుకునే జగ్నేకీ రాత్ పండుగకు ముందు, ఖాసింబీ వచ్చి కొడవలితో గడ్డి కోసి, పూలు చల్లి పోయేది.

తరువాత వాళ్ళు బతుకుదెరువుకు నల్లగొండ పోయారు. ఆమెకు మోకాళ్ళు పట్టేసి రావడం ఆగిపోయింది. చెల్క సాగు లేక పడావు పడింది. సర్కారు తుమ్మ మేక కూడా దూరలేనంతగా కమ్ముకుంది.

కొత్త పాసుబుక్కుల కోసం ఊరూరా భూములు సరిచూస్తున్న ఏడాది అది. పక్క ఊళ్ళో ఒకాయన చేనులో సమాధులుంటే అంత మేర పాసుబుక్కులో ఎక్కించలేదని ఎవరో అన్నారు. నిజమో కాదో నేను కనుక్కోలేదు. ప్రతిదీ కనుక్కునేదాన్ని, అదొక్కటి ఎందుకు వదిలేశాను? అబద్ధమని తేలితే చేయబోయే పనికి సాకు మిగలదనేనా?

నార్కట్‌పల్లిలో కిరాయికి ట్రాక్టర్లు నడిపే సైదులు నాకు రెండు మిషన్లు చూపించాడు. ఒకటి ష్రెడ్డర్. ట్రాక్టరు వెనక తగిలిస్తారు. లోపల తిరిగే ఇనుప సుత్తెలతో కంపను నేలకు జానెడు ఎత్తున కొట్టి, ముక్కలు చేసి అక్కడే పరుస్తుంది. రెండోది ముందు బిగించే బ్లేడు. వేళ్ళు, మట్టి, రాళ్ళు అన్నీ కలిపి ఒక పక్కకు తోసేస్తుంది. చెల్కలో పైమన్ను పలచన, దాన్ని కదిలించకూడదు. ష్రెడ్డరే సరైనదని చూడగానే అనుకున్నాను.

అప్పుడు సైదులు అడిగాడు. "రాళ్ళు గిట్ల ఉన్నయా పెద్దమ్మా? ఉంటే ముందుగాల్నే చెప్పు. సుత్తెలు ఇరిగితే నా పని అయిపాయె. నేనే లోపటికి వోయి చూసి, ఉన్న కాడల్లా సున్నం బొట్టు పెడ్త."

లోపలికి పోతే రెండు రాళ్ళు చూస్తాడు. ఇవేమిటని అడుగుతాడు. వాటికి సున్నం బొట్టు పెడతాడు. ఆ బొట్టు భూములు కొలిచేవాళ్ళకూ కనబడుతుంది.

బ్లేడే తెమ్మన్నాను. ష్రెడ్డర్ మోళ్ళు వదిలేస్తుంది, అవి టైర్లలో దిగుతాయి అన్నాను. అదీ నిజమే. తప్పు చేయడానికి నాకు అబద్ధం కూడా అవసరం రాలేదు, అప్పటికి.

ఆ రోజు నేను గట్టు మీదే నిలబడ్డాను. బ్లేడు అడుగు లోతు దిగింది. పాపను పెట్టింది నడుము లోతున. కనుక పాప కదలలేదు. రాళ్ళు తుమ్మ వేళ్ళతో కలిసి దక్షిణపు గట్టుకు పోయాయి. ఒకటి పొర్లడం కళ్ళారా చూశాను. ఏమీ అనిపించలేదు. సైదులుకు మజ్జిగ ఇచ్చాను.

పాసుబుక్కు వచ్చింది, ఒక్క గుంట తగ్గకుండా. బత్తాయి పెట్టించాను. గుంతలు తీయడానికి తాడు పట్టినప్పుడు ఒకచోట మొక్కల మధ్య ఎడం పెంచమన్నాను. కూలీలు ఎందుకని అడిగితే కింద బండ ఉందన్నాను. పాప మీద గునపం పడనీయలేదు. దీన్ని మంచితనమనుకోవాలా? నాకు తెలియదు.

రెండేళ్ళకు, పండుగ ముందు పగలు, ఖాసింబీ నల్లగొండ బస్సు దిగి కుంటుకుంటూ వచ్చింది. చేతిలో గులాబీ రెక్కల పొట్లం. తోట మొదట్లో ఆగి మొక్కల వరుసల వెంట చూసింది.

"మస్తు సాఫ్ జేపిచ్చినవు అక్కా. నా బిడ్డ యాడున్నది?"

"డ్రైవర్ జూసుకోలే ఖాసింబీ. ఆ దినం నేను ఊర్ల లేను."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆనికేమెరుక, పాపం. ఆన్ని తిట్టకు." తరువాత చిన్నగా నవ్వింది. "నీకు యాదుంటది, జర చూపియ్యి. గుంట జాగకు మీ మరిదితోని మూడేండ్లు మాట్లాడకుంట ఉన్నదానివి, గిది మర్సిపోతవా?"

పాసుబుక్కు చేతికొచ్చింది. నిజం చెబితే నాకు పోయే భూమి లేదు. కానీ మొక్కల మధ్య కావాలని ఎడం వదిలించిన ఆ చోటే చూపిస్తే, నాకు ముందే గుర్తుందని తెలిసిపోతుంది, డ్రైవర్ చూసుకోలేదన్న మాట నిలబడదు. నేను గేటు పక్కన, ఏమీ పెట్టని మూల చూపించాను.

"గీడ," అన్నాను.

ఆమె అక్కడ కూర్చుని పూలు చల్లింది. వట్టి నేల మీద. లేచేటప్పుడు నా చేయి పట్టుకుని లేచింది.

అప్పటి నుండి ఏటా వస్తోంది. పోయేటప్పుడు సంచిలో బత్తాయిలు పెడతాను. కిందటిసారి మనవరాలిని తీసుకొచ్చింది. మీ మేనత్త ఇక్కడుందని ఆ మూల చూపించి, మనకు జాగా ఇచ్చిన అవ్వ ఈమేనని నన్ను చూపించింది. ఆ పిల్ల నాకు సలాం చేసింది. నేను తల ఊపాను.

వచ్చే పండుగకు ఆమెకు చెబుతానా? చెబితే ఇన్నేళ్ళ పూలు ఏమవుతాయని నన్ను నేనే అడుగుతాను. నిజంగా పూల గురించేనా నా భయం, లేక ఆమె నా చేయి వదిలేస్తుందనా? రెండోదేననుకుంటాను. ఏడుపు రావడం లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. రాస్తున్నంతసేపూ ఊపిరి మాత్రం కొంచెం సులువుగా ఆడింది.

నేను కాక మరొకరికైనా సరైన చోటు తెలియాలి. తూర్పు నుండి నాలుగో వరుస, ఆరో చెట్టుకూ ఏడో చెట్టుకూ నడుమ. తల ఉత్తరానికి ఉంది. పాప పేరు రజియా.