కూడికలో తగ్గిన తొమ్మిది మంది

మా ఆవిడ అనుమసముద్రంపేటలో ఉండిపోయిన సంవత్సరం ఉదయగిరి ఇంట్లో నేనొక్కణ్ణే. ఆమెకు మూర్ఛలు వచ్చేవి. మా అత్త దర్గా దగ్గర ఒక గది అద్దెకు తీసుకొని, "నలభై దినాలు ఉంచి చూస్తా నాయనా" అని కూతురిని తీసుకుపోయింది. నలభై పోయి నూట ముప్పై దాటినా పంపలేదు. నేనూ పోయి పిలవలేదు. పిలవకపోవడానికి నా దగ్గర ఒక లెక్క ఉండేది.

నేను బడిలో చదివింది ఐదో తరగతి వరకే. ఆ పై లెక్కలు నాకు నేను నేర్చుకున్నవి. కొయ్య గరిటెలు చెక్కేవాళ్లు ఒక మొద్దులో ఎన్ని గరిటెలు వస్తాయో అడగడానికి వచ్చేవాళ్లు. వంకర టింకర చేను ఎన్ని సెంట్లుంటుందో అడిగేవాళ్లు ఇంకొందరు. ఆ అలవాటు కొద్దీ ఆమెకు మూర్ఛ వచ్చిన రోజు ఒక నోటుపుస్తకంలో గీత పెట్టేవాణ్ణి, రాని రోజు సున్న. మా ఇంట్లో ఉన్న చివరి నూరు దినాలలో పదిహేడు గీతలు. పేటకు పోయినాక అన్నీ సున్నలే. మా బావమరిది పక్షానికొక కార్డు రాసేవాడు. "ఇక్కడ అందరం క్షేమం" అని మాత్రమే ఉండేది.

లెక్క చెప్పేది నాకు స్పష్టంగా కనిపించింది. నా దగ్గర ఉంటే జబ్బు, నాకు దూరంగా ఉంటే ఆరోగ్యం. అలాంటప్పుడు పిలవడం ద్రోహం అనుకున్నాను. ఒక్కడికి సోలెడు బియ్యం ఎక్కువయ్యేది, అరసోల చాలేది కాదు. ఎన్నాళ్లు వండుకున్నా ఆ కొలత కుదరలేదు.

ఆ ఎండాకాలంలో ఆత్మకూరు డాక్టరుగారు కబురు పెట్టారు. అంతకు ముందు ఆమెకు మందిచ్చింది ఆయనే. నేను పోయేసరికి బల్ల మీద రెండు లావు ఇంగ్లీషు పుస్తకాలు ఉన్నాయి, ఒకటి పచ్చ అట్టది, ఒకటి నల్ల అట్టది.

"ఏమయ్యా లెక్కలాయనా, రెండూ మెదడూ నరాల జబ్బుల పుస్తకాలే. మద్రాసు పుస్తకాల అంగడాయన చూసుకోమని పంపినాడు. ఒకటి ఉంచుకొని ఇంకోటి తిప్పి పంపాల. పొద్దున లేస్తే నాకు జ్వరాలూ తేలుకాట్లూ, చదివే తీరిక యాడుండాది? కుప్పలుగా పట్టికలుండాయి. చూసి ఏది మంచిదో చెప్పు."

"నాకు వైద్యం రాదు సార్."

"కూడికలొస్తాయి గదా. కూడిక తప్పు రాసినోడు మందు ఒప్పు రాస్తాడా?"

ఆ మాట నాకు నచ్చింది. పుస్తకాలు తువ్వాలులో మూట కట్టుకొని ఉదయగిరి బస్సెక్కాను.

పది దినాలు పొద్దునపూట అరుగు మీద కూర్చొని, పక్కన నిఘంటువు పెట్టుకొని వాటిని పరీక్షించాను. మొదట, చివరి పేజీల్లోని పదాల పట్టిక చూశాను. ఒక్కో దాంట్లో ఇరవై మాటలు ఏరి, చెప్పిన పేజీలో ఉన్నాయా లేదా అని తిప్పి చూశాను. రెండూ నెగ్గాయి. పచ్చ పుస్తకంలో నరం వెంట వార్త ఎంత వేగంగా పోతుందో రాసి ఉంది. మా ఆవిడ ఎత్తు నాకు తెలుసు. ఆమె కాలికి ముల్లు గుచ్చుకుంటే తలకు తెలిసేందుకు ఎంతసేపు పడుతుందో లెక్క కట్టాను. కన్ను ఆర్పినంత కూడా కాదు. ఎవరికైనా చెప్పాలని లేచాను. ఇంట్లో ఎవరూ లేరు. మళ్లీ కూర్చున్నాను.

తరువాత పట్టికలు. పచ్చ పుస్తకంలో ప్రతి కూడికా సరిపోయింది. నల్ల పుస్తకంలో మూర్ఛల అధ్యాయం దగ్గర లెక్క తప్పింది. మందు తీసుకున్న రోగులు మొత్తం ఇంతమంది అని పైన ఉంది. నయమైనవాళ్లు, తగ్గినవాళ్లు, మారనివాళ్లు, చనిపోయినవాళ్లు అని కింద ఉంది. కిందవి కూడితే పైదానికి తొమ్మిది మంది తక్కువ. మూడుసార్లు కూడి చూశాను. తొమ్మిది మంది దొరకలేదు.

ఆత్మకూరు పోయి, "పచ్చది ఉంచుకోండి సార్, నల్లదాంట్లో మనుషులు తగ్గినారు" అన్నాను.

ఆయన కళ్లద్దాలు పెట్టుకొని ఆ పేజీ అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదివారు. "ఇది చూడలేదా?"

"చిన్నక్షరాలు గదా. లెక్కలోవి కాదనుకున్నా."

"ఈ తొమ్మిది మంది మళ్లా ఆస్పత్రికి రాలేదంట. బాగుపడినారో, ముదిరిందో తెలవదంట. తెలవదు కాబట్టి యాడా కలపలేదు." పచ్చ పుస్తకం అందుకొని ఆ అధ్యాయం వెతికారు. కాసేపటికి పెద్దగా నవ్వారు. "ఈ పెద్దమనిషి చూడు, మళ్లా రానోళ్లందరినీ నయమైనోళ్లలో కలుపుకున్నాడు! నేనూ అట్టే రాసుకుంటే ఆత్మకూరులో రోగమే లేదబ్బా."

నాకు నవ్వు రాలేదు. నా నోటుపుస్తకంలోని సున్నలు కళ్లముందు వరసగా కనిపించాయి. వాటిలో ఒక్కటి కూడా నేను చూసి పెట్టింది కాదు.

ఆయన నల్ల పుస్తకం ఉంచుకున్నారు. నేను ఉదయగిరి బస్సు వదిలేసి పేటకు పోయాను.

మా ఆవిడ గది ముందు చేటలో బియ్యం ఏరుతూ ఉంది. కనుబొమ మీద నేనెరగని మచ్చ ఉంది.

"ఎన్నిసార్లు వచ్చింది?" అన్నాను. మొదటి మాట అదే అయినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"ఎవరు ఎంచినారు? నీ మాదిరి పుస్తకం పట్టుకోని కూర్చుంటామా?"

"మీ తమ్ముడు రాయలేదే."

"నేనే రాయొద్దన్నా." చేట పక్కన పెట్టింది. "నువ్వు ఇన్నాళ్లు రాలేదే? నేను లేకపోతే నీకు సుఖంగా ఉండాదేమో అనుకున్నా."

నా సున్నల సంగతి చెప్పాను. ఆమె మళ్లీ చేట అందుకుంది. ఇంటికి రమ్మన్నాను.

"ఇప్పుడు రాను. ఈడ నేను పడితే పక్క గది ఆమె పట్టుకుంటాది. లేసినాక ఎవురూ ఏమీ అడగరు. ఆడ కండ్లు తెరిసేసరికి నీ చేతిలో పెన్సిలుంటాది."

ఆ సాయంత్రం ఒక్కణ్ణే తిరిగి వచ్చాను. అప్పటినుంచి ప్రతి శుక్రవారం పేటకు పోయేవాణ్ణి. ఆమె ఎప్పుడొస్తానని చెప్పలేదు, నేనూ అడగలేదు. మూడో శుక్రవారం మధ్యాహ్నం అన్నం పెడుతూ పెడుతూ ఆమె పడిపోయింది. తల నేలకు తగలకుండా పట్టుకొని ఒళ్లో పెట్టుకున్నాను. మా అత్త బావి దగ్గరనుంచి పరిగెత్తుకొచ్చి, "ఎంతసేపయింది నాయనా?" అంది.

"తెలీదత్తా" అన్నాను. నిజంగానే తెలియదు.