పిన్ని దగ్గర అనకూడని మాట

దుప్పట్ల పిన్ని ఒక మనిషి చెయ్యి విరగ్గొట్టిందని లాండ్రీలో అందరూ చెప్పుకునేవారు. అదీ ఒకే ఒక్క మాటకు. ఆ మాట తిట్టు కాదు, బూతు కాదు. పాలు విరిగితే అనేదే, పక్కింటి పిల్లాడికి జ్వరమొస్తే అనేదే. జతగా దుప్పట్లు మడిచే ఆవిడ మాటల మధ్య "పాపం" అందట. అంతే, పిన్ని కళ్ళెర్రజేసి ఆవిణ్ణి గోడకేసి తోసిందట.

"నిజంగా తోసిందా అక్కా?" అని అడిగింది కొత్తగా పనిలో చేరిన పిల్ల.

"తోయకపోతే మణికట్టు దానంతటదే విరుగుతుందా?" అంది ఇస్త్రీ అక్క. "నేనిక్కడే ఉన్నా."

"నువ్వు చూశావా?"

"చూడ్డమెందుకు, చప్పుడు విన్నాగా! ఆ మాటంటే ఆవిడకి ఒళ్ళు మంట. అదొక్కటీ అనకు తల్లీ. కావాలంటే నన్ను తిట్టు, మేస్త్రీని తిట్టు. ఆ మాట మాత్రం నోట్లోనే మింగెయ్."

కొత్తపిల్ల తలూపింది గానీ, వాళ్ళింట్లో ఆ మాట ఉప్పులాంటిది, అన్నిట్లోనూ పడుతుంది. కుక్క కుంటితే పాపం, బస్సు తప్పినవాడు పాపం, అన్న వదినను కసిరితే ఇద్దరూ పాపమే. అన్న ఇంట్లోనే ఆమె ఉంటోంది. అంతకుముందు బట్టల కొట్లో పనికి పెడితే, వచ్చినవాళ్ళతో నోరు విప్పి మాట్లాడదని పంపించేశారు. "ఇదీ నిలబెట్టుకోకపోతే మీ చెల్లెలికి వేరే చోటు చూసుకోండి" అని వదిన గిన్నెలు తోముతూ అన్నది ఆమె చెవిన పడనే పడింది. దుప్పట్లు మడవడానికి జత కావాలి. ఆ జతను పిన్ని ఒప్పుకోవాలి. పిన్ని తల అడ్డంగా ఊపితే ఇంటికి పోవడమే.

పిన్ని చూడటానికి భయపెట్టే మనిషేమీ కాదు. సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉండేది. బట్టల సోడా నీళ్ళకు వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయాయి.

"రెండు కొసలు నీవి, రెండు నావి. జాడించు. ఇప్పుడు వెనక్కి వాలి గుంజు. అట్లా కాదే, కోడి ఈకలు పీకుతున్నావా? బావిలోంచి దూడని లాగుతున్నట్టు లాగు."

ఆ గుంజుడుకే ముడతలు పోతాయి. ఇద్దరూ వెనక్కి వాలినప్పుడు ఒకరి బరువు పూర్తిగా ఇంకొకరి చేతుల్లో ఉంటుంది. తర్వాత ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలపాలి. అవతలివాళ్ళ వేళ్ళు అందుకున్నాయని తెలిసేదాకా కొస వదలకూడదు. లాండ్రీలో అన్నిటికన్నా పెద్ద తప్పు అదే.

కొత్తపిల్ల పెదవులు బిగించి పని నేర్చుకుంది. మాట్లాడదని ఒకచోట వెళ్ళగొట్టిన నోరే ఇక్కడ ఆమెను కాపాడుతోంది. మాట్లాడని మనిషి కళ్ళు ఊరుకోవు. పిన్ని ఆరవేసిన దుప్పట్ల మధ్యకు వెళ్ళినప్పుడల్లా ఆగి, ఒక దుప్పటి అంచు పైకెత్తి, వంగి కింద చూసేది. అక్కడ తడి గచ్చు తప్ప ఏమీ ఉండదు. అంచు వదిలేసి, ఇంకో వరుసలో మళ్ళీ ఎత్తి చూసేది. అటు పక్క ఎవరి పాదాలైనా ఉన్నాయేమోనని చూస్తున్నట్టుండేది. ఒకసారి గాలికి దుప్పటి మనిషి ఆకారంలో ఉబ్బింది. పిన్ని చెయ్యి చాచి దాన్ని మెల్లగా తడిమింది. అది చప్పబడిపోయింది. 

ఒకరోజు ఆసుపత్రి మూటలో చిన్న దుప్పటి ఒకటి వచ్చింది, పిల్లల వార్డుది. దాని మీద పెన్నుతో ఎవరో ఇల్లు గీశారు. ఎన్ని నీళ్ళలో ఉతికినా ఆ ఇల్లు పోలేదు. జాడించారు, ఇద్దరూ వెనక్కి వాలారు. కొత్తపిల్ల కళ్ళు ఆ బొమ్మ మీద పడ్డాయి.

"పాపం, ఏ పిల్లాడో..."

అన్నాక గాని అన్నానని తెలియలేదు. చేతుల్లో దుప్పటి ఒక్కసారిగా తేలికైపోయింది. వెనక్కి పడి, తోపుడు బండి ఇనప అంచుకు వీపు తగిలి ఆమె నేలమీద కూలబడింది. దెబ్బ ఇంకా పడుతుందని చేతులు అడ్డం పెట్టుకుంది. పిన్ని అసలు ఆమె వైపే చూడటం లేదు. కొసలు వదిలేసి వెనక తలుపు వైపు తిరిగింది. ఒక చెయ్యి సగం లేచి ఉంది. ముఖంలో నవ్వు మొదలైంది. పొద్దుటి నుంచి ఎదురుచూసిన మనిషి గుమ్మంలో కనపడితే వచ్చే నవ్వు. గుమ్మంలో ఎవరూ లేరు. ఆ నవ్వు ఆరిపోవడం కొత్తపిల్ల కళ్ళారా చూసింది. కోపంగా ఉన్నా ఇంత భయం వేసేది కాదు.

చప్పుడు విని మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు. "మళ్ళీనా! తోసేసింది కదూ? భయపడకమ్మాయ్, ఉన్నది చెప్పు. ఈ పూటే ఆవిడ లెక్క తేల్చేస్తా. ఆ చోటు నీకే ఇస్తా."

"చెప్పవే, నోట్లో ఏం పెట్టుకున్నావ్?" అంది ఇస్త్రీ అక్క.

ఊఁ అంటే చాలు. పని నిలబడుతుంది, వదిన నోరు మూతపడుతుంది. పిన్ని నేలమీది దుప్పటి తీస్తోంది, మళ్ళీ ఉతకడానికి.

"తోయలేదు," అంది కొత్తపిల్ల.

"మరి?"

"వదిలేసింది. తలుపు వైపు చూసి వదిలేసింది."

"తలుపు దగ్గర ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

మేస్త్రీ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "సరిపోయింది. ఇద్దరికిద్దరూ! ఇంకోసారి బట్ట నేలమీద పడిందా, ఇద్దరూ బయటికే" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఇద్దరూ మళ్ళీ మడతకు నిలబడ్డారు. తర్వాత కొసలు కలిపేటప్పుడు, ముఖాలు దగ్గరగా వచ్చినప్పుడు, పిన్ని మెల్లగా చెప్పింది.

"నాకో తమ్ముడుండేవాడే. ఒడ్డూ పొడుగూ పెరిగాడుగానీ బుద్ధి పాలపిల్లాడిదే. ఎవరు చూసినా తల నిమిరి పాపం అనేవాళ్ళు. ఇంట్లో అదే, వీధిలో అదే. వాడు అదే తన పేరనుకున్నాడు. మా నాన్న పెట్టిన పేరుతో గొంతు చించుకున్నా పలికేవాడు కాదు. పాపం అంటే మాత్రం గిరుక్కున తిరిగి నవ్వేవాడు. మొదట్లో అన్నవాళ్ళతో పోట్లాడేదాన్ని. తర్వాత నేనూ అలాగే పిలిచా. పలుకుతాడు కదా అని."

కొత్తపిల్ల కొస గట్టిగా పట్టుకుంది.

"అమ్మ పోయాక ఇక్కడికే తెచ్చుకునేదాన్ని. ఆ దుప్పట్ల మధ్య దాక్కునేవాడు. ఒకరోజు వెనక గేటు తీసుంది. రోడ్డున పోయేవాళ్ళెవరో వాణ్ణి చూసి అనుంటారు, పాపం అని. జాలిపడే అనుంటారు. తనని పిలిచారనుకుని వాళ్ళ వెంట పోయుంటాడు."

"వెతకలేదా పిన్నీ?"

"వెతక్కుండా ఉంటానా? ప్రతిచోటా పేరేంటని అడిగారు. నాన్న పెట్టిన పేరే చెప్పా. ఆ పేరుతో ఎవరు పిలిచినా వాడు పలకడని, ఆ కంగార్లో నాకు తట్టలేదు." పిన్ని దుప్పటి మడత మీద అరచేత్తో రాసింది. "ఇప్పుడు ఎవరన్నా ఆ మాటంటే నా మెడ దానంతటదే తిరుగుతుంది. ఎవరో వాణ్ణి పిలిచారు, వాడు వస్తున్నాడు అనిపిస్తుంది. చేతులు నా మాట వినవు. పాపం, ఆవిడ చెయ్యి..." అని, తన నోట వచ్చిన ఆ మాటకే ఆగిపోయింది.

ఆ సాయంత్రం కొత్తపిల్ల వీపు నొప్పితో మెల్లగా నడుస్తూ అందరికన్నా వెనకబడింది. ఇస్త్రీ అక్క ముందు గేటు దాటుతూ, "ఏమే, బతికి బయటపడ్డావా? చెప్పానా, ఆ మాట ఆవిడకి గిట్టదని!" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. పిన్ని ఇంకా రాలేదని కొత్తపిల్ల షెడ్డు వెనక్కి నడిచింది.

పిన్ని వెనక గేటు రెండు రెక్కలూ తెరిచి రోడ్డు మీదికి వంగి నిలబడింది.

"ఒరేయ్ పాపం... రారా. ఒరేయ్ పాపం..."

ఆ లాండ్రీలో పనిచేసేవాళ్ళందరూ ముందు గేటు నుంచే ఇళ్ళకు పోతారు. పిన్ని మాత్రం, తమ్ముడు తప్పిపోయినప్పటి నుంచీ, రోజూ పని దిగాక వెనక గేటు దగ్గరికి వచ్చి, ఆ మాటతోనే పిలిచి, గేటు మూసి ఇంటికి వెళ్ళేది.